పాత గీజర్ పోయింది, కొత్తది ఎన్ని లీటర్లది తీసుకోవాలి?

ప్రశ్న: సార్, నమస్తే. ఎనిమిదేళ్ల కింద కొన్న మా 15 లీటర్ల గీజర్ అడుగు నుంచి వారం రోజులుగా నీళ్లు కారుతున్నాయి. మెకానిక్ వచ్చి ట్యాంకు పోయింది, వెల్డింగ్ పెట్టిస్తే ఇంకో ఏడాది నడుస్తదన్నాడు. షాపులో అడిగితే ఇప్పుడంతా 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరే తీసుకుంటున్నరు, కరెంటు కూడా తక్కువ కాలుతది అంటున్నారు. ఇంట్లో ఐదుగురం. మా మామయ్యకు 74 ఏళ్లు, పిల్లలిద్దరికీ పొద్దున్నే బడి. మావి బోరు నీళ్లు. ఈ ఇగంలో రోజూ కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగబెట్టి పోస్తున్నాను. ఏది కొనమంటారు?
– ఒక గృహిణి, ఉట్నూరు

జవాబు: అమ్మా, ముందు ఆ గీజర్ స్విచ్ ఆపి ప్లగ్గు పీకేయండి. కారే నీళ్లు లోపలి వైర్ల మీదుగా దిగుతుంటాయి, అలాంటిదాన్ని ఒక్క పూట కూడా వాడొద్దు. తర్వాత మెకానిక్‌తో కింది మూత విప్పించి మీ కళ్లతో చూడండి. కాయిల్ బిగించిన చోట చుట్టూ తడి ఉంటే పోయింది రబ్బరు గ్యాస్కెట్ మాత్రమే, అది మారిస్తే చాలు, కొత్త గీజర్ ఖర్చే తప్పుతుంది. ట్యాంకుకే పొక్క పడితే మాత్రం వెల్డింగ్ మాట మరిచిపోండి. చాలా గీజర్లలో ఇనుప ట్యాంకు లోపల గాజు పూత ఉంటుంది, వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల పూత పగిలి అక్కడి నుంచే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

ఇక ఇన్‌స్టంట్ సంగతి. మీ ఊళ్లో అది వద్దు. షాపాయన అబద్ధం చెప్పాడని కాదు, వెచ్చగా ఉండే ఊళ్లలో, వంటింట్లో గిన్నెలు కడగడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ గీజర్ కొనేటప్పుడు అందరూ దాని మీద రాసిన లీటర్లే చూస్తారు, అందులోకి వచ్చే నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో ఎవరూ చూడరు. అసలు లెక్కంతా అక్కడే ఉంది. మీ పాత 15 లీటర్ల గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలకు కాగాయనుకోండి, ఒంటికి హాయిగా ఉండే వేడి సుమారు 40 డిగ్రీలు. వానాకాలంలో డాబా మీది ట్యాంకు నీళ్లు 25 డిగ్రీలుంటే, వాటిని కలుపుకొంటే మీకు 35 లీటర్ల స్నానపు నీళ్లు వస్తాయి. అదే పుష్య మాసంలో, నాగోబా జాతర రోజుల్లో, రాత్రంతా చలికి చల్లబడ్డ నీళ్లు 15 డిగ్రీలుంటే అదే గీజర్ 27 లీటర్లే ఇస్తుంది. గీజర్ మారలేదు, కరెంటు మారలేదు, ఒక చిన్న బకెట్ నీళ్లు మాయం! మీ దిక్కు గాలి పది డిగ్రీల కిందికి పడిపోయే రాత్రులు కూడా ఉంటాయి కదా. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ అయితే ముందు లోపలున్న 3 లీటర్లు వేడిగా వచ్చి, ఆ తర్వాత 15 డిగ్రీల నీళ్లను 40కి తేవాలంటే నిమిషానికి లీటరున్నర, లీటరు ముప్పావు మధ్యలోనే ఇవ్వగలదు. నల్లా కొంచెం ఎక్కువ తిప్పితే గోరువెచ్చగా కూడా రావు. పైగా కరెంటు తక్కువ కాలదు, అన్నే నీళ్లను అంతే వేడి చేయడానికి ఏ గీజరైనా దాదాపు అంతే యూనిట్లు తీసుకుంటుంది.

కాబట్టి 25 లీటర్ల స్టోరేజ్ గీజర్ తీసుకోండి. చలికాలం పొద్దున 45 లీటర్ల స్నానపు నీళ్లు వస్తాయి, అంటే పిల్లలిద్దరివీ అయిపోతాయి. మళ్లీ నిండా కాగడానికి 2 కిలోవాట్ల కాయిల్‌తో 40 నిమిషాలు, యూనిట్టు మీద కొంచెం ఎక్కువ కరెంటు. అయితే వోల్టేజీ కూడా చూసుకోండి. తెల్లవారి ఊరంతా గీజర్లు, మోటార్లు వేసే వేళకు 230 ఉండాల్సింది 180కి పడిపోయిందంటే ఆ 40 నిమిషాల పని గంట దాటుతుంది. గీజర్ పాడైందని చాలామంది నాకు ఫోన్ చేసేది సరిగ్గా ఈ రోజుల్లోనే, పోయి చూస్తే గీజర్‌కు ఏమీ ఉండదు. మీరు పిల్లల కోసం నాలుగున్నరకే స్విచ్ వేసుకుని, మామయ్య స్నానం ఎండ పొడిచాక పెట్టుకుంటే ఎవరికీ హడావుడి ఉండదు.

బోరు నీళ్లు అన్నారు కాబట్టి ఇంకో మాట. పోయిన నెల ఒక ఇంట్లో ఐదేళ్ల గీజర్ విప్పాను. కాయిల్ చుట్టూ తెల్లటి సున్నపు పెంకు నా బొటనవేలంత మందాన పట్టి ఉంది, స్క్రూడ్రైవర్‌తో తడితే పెంకులు పెంకులుగా రాలింది. ఆ పెంకు అడ్డుపడి వేడంతా నీళ్లకు చేరక కాయిల్ తనను తానే కాల్చుకుంటుంది. ఆ పక్కనే ఉండాల్సిన మెగ్నీషియం కడ్డీ కరిగిపోయి నడిమి ఇనుప తీగ ఒక్కటే మిగిలింది. ట్యాంకును పట్టాల్సిన తుప్పును తన మీదికి తీసుకోవడమే ఆ కడ్డీ పని, అది అయిపోయాక తుప్పు ట్యాంకునే తింటుంది. మీ గీజర్‌కు కూడా ఇదే అయి ఉంటుంది, ఎనిమిదేళ్లలో ఆ కడ్డీని ఎవరూ మార్చి ఉండరు. కొత్తదానికి ఏడాదికోసారి, చలికాలం రాకముందే, మూత విప్పించి సున్నం తీయించండి, కడ్డీ సన్నబడితే మార్పించండి. వేడి 60 దాటనివ్వకండి, ఎంత వేడి పెంచితే అంత తొందరగా సున్నం పడుతుంది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది ఎర్త్. హనుమకొండలో మా సొంతింట్లోనే, గీజర్ పెట్టిన మనిషి ఎర్త్ వైరు కలపకుండానే సాకెట్ మూత బిగించి పోయాడు. మూడేళ్లకు కాయిల్ పగిలింది. మా అమ్మ తడి చేత్తో నల్లా పట్టుకుంటే షాక్ కొట్టింది, చెయ్యి విదిలించుకోగలిగింది కాబట్టి బతికింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగిన రాగి వైరు, నిజంగా పనిచేసే ఎర్త్, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్), ఇవి లేకుండా ఆన్ చేయనివ్వకండి. మామయ్యగారి బకెట్‌లో ఎప్పుడూ ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని కొన్ని సెకన్లలోనే బొబ్బలెక్కిస్తాయి.

ప్రశ్న: గీజర్ వేసినప్పుడల్లా పక్కనున్న వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయి. దాన్ని మూసేయొచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అస్సలు మూయొద్దు. నీళ్లు కాగితే ఉబ్బుతాయి, 25 లీటర్లు 15 నుంచి 60 డిగ్రీలకు చేరేసరికి సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతాయి. ఆ పెరిగిన నీళ్లు పోయే దారి అదే, దాన్ని మూస్తే ఒత్తిడంతా ట్యాంకు మీద పడుతుంది, ట్యాంకు పేలిపోవచ్చు కూడా. చుక్కలకు ఒక సన్నటి పైపు తగిలించి మోరీలోకి వదలండి. గీజర్ ఆపేసి ఉన్నా ధారగా పోతుంటే మాత్రం వాల్వ్ పాడైనట్టు, లేదా ప్రెషర్ పంపు ఎక్కువ ఒత్తుతున్నట్టు. అప్పుడు వాల్వ్ మార్పించండి.

ప్రశ్న: కిరాయి ఇంట్లో ఉంటున్నాం. బాత్‌రూంలో గ్యాస్ గీజర్ పెట్టుకుంటే చవక అంటున్నారు, నిజమేనా?
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: బాత్‌రూం లోపల వద్దు తమ్ముడూ, ఎంత చవకైనా వద్దు. గాలి చాలకపోతే అందులో మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు, తలుపేసుకుని స్నానం చేస్తున్నవాళ్లు ఏం జరుగుతోందో తెలియకుండానే స్పృహ తప్పుతారు. చలికాలంలో మనమే గాలి రాకుండా వెంటిలేటర్‌కు గుడ్డ కుక్కుతాం కూడా. పెట్టాలనే అనుకుంటే గీజర్, సిలిండర్ రెండూ బయట గాలి ఆడే చోట గోడకు పెట్టించి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెప్పించుకోండి. ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే మీ గదిలో ఎర్త్ సరిగా ఉందో లేదో చూపించుకుని 10 లీటర్ల కరెంటు గీజర్ తీసుకోండి, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పట్టుకెళ్లొచ్చు.