జపాన్‌లో చిన్న రామెన్ కౌంటర్ ముందు భాష రాకుండా ఒంటరిగా తినగలమా?

వచ్చే నెల ఉద్యోగరీత్యా ఫుకుఓకాకు వెళ్తున్నానని, జపనీస్ భాష ఒక్క ముక్క కూడా రాదని, వేడి సూప్‌లో నూడుల్స్ వేసి ఇచ్చే రామెన్ కోసం పదిమంది కూడా పట్టని దుకాణంలోకి ఒక్కరే వెళ్ళి తినడం సాధ్యమేనా అని, అక్కడి పద్ధతులేమిటని మీరు అడిగారు. నేను అదే నగరంలో రెండేళ్ళు పనిచేశాను. మొదటి నెలలోనే దాదాపు అన్ని పొరపాట్లూ చేసి ఆ పద్ధతులు నేర్చుకున్నాను. భాష గురించి మీరు బెంగ పెట్టుకోనక్కరలేదు. ఆ కౌంటర్ దగ్గర మాటలతో పని చాలా తక్కువ, తొందరతోనే పనంతా. నూడుల్స్ వేడి సూప్‌లో పడిన క్షణం నుంచే మెత్తబడడం మొదలవుతుంది గనుక వండేవారు, తినేవారు, బయట వరుసలో నిలబడినవారు ముగ్గురూ ఆ గడువుకు లోబడి నడుచుకుంటారు. అక్కడ కనిపించే ప్రతి అలవాటుకూ కారణం ఇంచుమించు అదే.

గుమ్మానికి వేలాడే గుడ్డ తెరను నోరెన్ అంటారు. అది కట్టి ఉంటే దుకాణం తెరిచి ఉన్నట్టు. తెర తొలగించి లోపలికి అడుగు పెట్టగానే చాలా దుకాణాల్లో గోడకు ఆనించి టికెట్ యంత్రం కనిపిస్తుంది. మన టిఫిన్ హోటళ్ళలో ముందుగా క్యాషు దగ్గర టోకెన్ తీసుకుని దోసెల మాస్టర్ ముందు పెట్టడం మీకు అలవాటే కదా, ఇదీ అంతే. కాకపోతే క్యాషు దగ్గర మనిషికి బదులు యంత్రం ఉంటుంది, దాని మీది బొత్తాలపై అక్షరాలు మనకు అర్థం కావు. సాధారణంగా ఎడమవైపు పై మూలన ఉండే బొత్తాం ఆ దుకాణం ప్రధానంగా అమ్మే రామెన్‌కు సంబంధించినదై ఉంటుంది. ఏమీ తోచనప్పుడు నేను అదే నొక్కేవాడిని. ముందుగా డబ్బు వేసిన తరువాతే బొత్తాలు వెలుగుతాయి. జేబులో వెయ్యి యెన్ల నోట్లు తప్పకుండా ఉంచుకోండి. పదివేల నోటు చాలా యంత్రాలు తీసుకోవు. 2024 జులైలో జపాన్ కొత్త నోట్లు విడుదల చేసినప్పుడైతే పాత యంత్రాలు వాటిని గుర్తించక బయటికి నెట్టేసేవి. వెనుక ఆరుగురు ఎదురుచూస్తుండగా అదే నోటును నాలుగుసార్లు లోపలికి తోసిన నన్ను చూసి, చివరికి వరుసలోని ఒక పెద్దాయన ఏమీ మాట్లాడకుండా తన పాత నోటు ఇచ్చి నా కొత్త నోటు పుచ్చుకున్నారు.

టికెట్ కొని వరుసలో నిలబడాలా, వరుసలో నిలబడి వంతు వచ్చాక కొనాలా అన్నది దుకాణాన్ని బట్టి మారుతుంది. ముందున్నవారిని చూసి చేయడమే మార్గం.

కూర్చోగానే టికెట్‌ను కౌంటర్ మీది గట్టున పెట్టాలి. సంచి పెట్టుకోవడానికి కాళ్ళ దగ్గర బుట్టో, బల్ల కింద కొక్కెమో ఉంటుంది. పక్క కుర్చీలో మాత్రం పెట్టకూడదు, ఎందుకంటే ఆ కుర్చీ నిమిషంలో నిండుతుంది. మంచినీళ్ళు చాలాచోట్ల మనమే పోసుకోవాలి. అప్పుడు వంటవారు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. ఫుకుఓకాలో మీరు జవాబు నేర్చుకుని వెళ్ళవలసిన ప్రశ్న అదొక్కటే: నూడుల్స్ ఎంత గట్టిగా కావాలి?

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఫుకుఓకాలోని హకాతా ప్రాంతం పేరుతో ప్రసిద్ధమైన రామెన్‌లో నూడుల్స్ సన్నగా, తిన్నగా ఉంటాయి. పిండి కలిపేటప్పుడు నీళ్ళు తక్కువ పోస్తారు గనుక అవి త్వరగా ఉడుకుతాయి, అంతే త్వరగా సూప్‌ను పీల్చుకుని ఉబ్బుతాయి. నాగహామా చేపల మార్కెట్‌లో పనిచేసేవారికి తీరిక తక్కువ కావడం వల్ల, నిమిషాల్లో వడ్డించగలిగే ఈ సన్నని నూడుల్స్ అక్కడ స్థిరపడ్డాయని చెబుతారు. గట్టిదనానికి వారు పెట్టుకున్న పేర్లు వింటే ముచ్చటగా ఉంటుంది. యావా అంటే మెత్తగా, ఫుత్సూ అంటే మామూలుగా, కతా అంటే గట్టిగా, బారికతా అంటే మరీ గట్టిగా. ఆపైన హరిగానె అంటే తీగ అని అర్థం. అన్నిటికన్నా చివరిది కొనఓతొషి, అంటే పిండి దులపడం: నూడుల్స్‌కు అంటిన పొడిపిండి రాలేంతసేపు నీళ్ళలో ముంచి తీయడమే తప్ప ఉడికించడమంటూ ఉండదు. కొత్తలో గొప్ప కోసం నేనొకసారి అది అడిగి, పచ్చిపిండి వాసనతో సగం గిన్నె తిన్నాను. మీరు కతా అనండి, సరిపోతుంది.

ఆర్డర్ చెప్పాక ఫోన్ చూసుకోకుండా వంటవారి చేతులు చూడండి. ఖరీదైన భోజనశాలల్లో గోడ అవతల దాగే పనంతా ఇక్కడ మీ కళ్ళకు మూరెడు దూరంలో జరుగుతుంది. ముందుగా ఖాళీ గిన్నెలో తారె పడుతుంది. అంటే సోయా సాస్‌తోనో ఉప్పుతోనో చేసిన చిక్కని సారం, రామెన్‌కు ఉప్పదనం ఇచ్చేది అదే. దానిమీద సువాసన గల కొవ్వు, ఆపైన పెద్ద డేగిసాలో మరుగుతున్న సూప్. హకాతా సూప్‌ను తొన్‌కొత్సు అంటారు, అంటే పంది ఎముకలు. వాటిని గంటల తరబడి పెద్ద మంట మీద తెర్లబెట్టడం వల్ల మూలుగ, కొవ్వు నీటిలో కలిసిపోయి పాలలాంటి తెల్లని చిక్కదనం వస్తుంది. ఈలోగా నూడుల్స్ లోతైన జల్లెడ బుట్టలో ఉడుకుతుంటాయి. సమయం కాగానే వంటవారు బుట్టను పైకెత్తి, మణికట్టు విదిలిస్తూ రెండు మూడు దెబ్బల్లో నీరంతా దులిపేస్తారు. ఒక్క చెంచాడు నీరు మిగిలినా సూప్ పలచబడుతుంది. నూడుల్స్ గిన్నెలోకి జారిన తరువాత పుల్లతో మడతపెట్టి సర్ది, చాషూ అనే పంది మాంసం ముక్కలు, ఉల్లికాడల తరుగు వేసి మీ ముందు పెట్టేసరికి అర నిమిషం కూడా గడవదు.

ఇక తినడం. గిన్నె రాగానే తినాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ఫోటోలు తీసి, వాటిని ఇంటికి పంపి, అమ్మ ఫోన్ చేస్తే కూర్చున్నచోటే మాట్లాడాను. ఐదు నిమిషాల తరువాత చూస్తే గిన్నెలో మిగిలింది నానిన సేమ్యా. వంటవారు ఏమీ అనలేదు గానీ నా గిన్నె వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నారు. పెసరట్టు పెనం మీంచి దిగాక పక్కింటివాళ్ళతో మాట్లాడుతూ నిలబడితే మా నాయనమ్మ చూసే చూపు అదే.

చప్పుడు చేస్తూ జుర్రుకోవడం అక్కడ తప్పు కాదు. చారు జుర్రితే చిన్నప్పుడు మొట్టికాయ తిన్న మనకు ఇది కొంచెం కష్టమే. అయితే నూడుల్స్‌తో పాటు గాలిని కూడా లాగితే నోరు కాలకుండా చల్లబడుతుంది, సూప్ వాసన ముక్కుకు బాగా అందుతుంది. ఎడమ చేతిలో చైనా మట్టి చెంచా, కుడి చేతిలో పుల్లలు (చాప్‌స్టిక్స్) పట్టుకుంటారు. ఆ చెంచాకు జపనీస్‌లో పేరు చిరిరెంగె, రాలిన తామర రేకు అని అర్థం. పుల్లలతో తినడం రాకపోతే ఇంట్లో రెండు రోజులు ఉప్మా సేమ్యాతో సాధన చేసి వెళ్ళండి. చాలా కౌంటర్లలో ముళ్ళ చెంచా ఉండదు.

ఒక గిన్నెలో పడేది ఇంచుమించు 100 గ్రాముల నూడుల్సే. అవి అయిపోయాక సూప్ మిగిలి ఉండగానే కాయెదామా అని చెబితే, మరో ముద్ద నూడుల్స్ ఉడికించి అదే గిన్నెలో వేస్తారు. ఎక్కువ నూడుల్స్ ఒకేసారి వేస్తే సగం తినేసరికి మిగతా సగం మెత్తబడుతుంది గనుక ఇలా విడతలుగా వడ్డించే పద్ధతి ఏర్పడింది. సూప్ ఎంతో రుచిగా ఉందని అడుగంటా తాగేసి, ఆ తరువాత కాయెదామా అడిగిన ఘనత నాది. వంటవారు నూడుల్స్ బుట్టతో వచ్చి, ఖాళీ గిన్నెను చూసి, ఏం చేయాలో తోచక ఒక క్షణం ఆగి, నవ్వి, కాసింత సూప్ పోశారు. అందరూ పోయకపోవచ్చు. కాబట్టి సగానికి పైగా సూప్ మిగిల్చి, నూడుల్స్ చివరి రెండు జుర్రులకు వచ్చినప్పుడే చెప్పండి. హకాతా దాటితే ఈ వాడుక తక్కువ. ఉత్తరాన ఉన్న సప్పోరో నగరంలో, పులియబెట్టిన సోయా ముద్ద అయిన మిసోతో చేసే సూప్‌కు తగినట్టు నూడుల్స్ లావుగా, వంకర్లు తిరిగి ఉంటాయి, అక్కడ ఎక్కువ కావాలంటే మొదటే పెద్ద గిన్నె అడగాలి.

కౌంటర్ మీద ఎర్ర అల్లం ఊరగాయ, వేయించిన నువ్వులు, వెల్లుల్లి, ఆవాకుతో చేసిన కారం పచ్చడి ఉంటాయి. ఆ ఆవాకు పచ్చడి చూడగానే మన చెయ్యి దానివైపే పోతుంది. ముందు సూప్ ఉత్తది రుచి చూసి, ఆ తరువాత వేసుకోండి.

పక్కనున్నవారు మిమ్మల్ని పలకరించకపోతే చిన్నబుచ్చుకోకండి. ఎవరి గిన్నెతో వారికి గడువు ఉంది. కబుర్లు కావాలంటే నాకా నది ఒడ్డున నకసులో రాత్రిళ్ళు వెలిసే యాతాయి బండ్ల దగ్గరికి వెళ్ళాలి. అక్కడ భుజం భుజం రాసుకుంటూ కూర్చుంటారు, ఏ దేశమని అడుగుతారు, భారతదేశం అంటే కూర గురించి మాట్లాడతారు. పైగా రామెన్ మరీ ప్రాచీన సంప్రదాయమేమీ కాదు. 1910లో టోక్యోలోని అసకుసాలో యోకోహామా నుంచి వచ్చిన చైనా వంటవారితో తెరిచిన దుకాణం దాని ప్రచారానికి ముఖ్య కారణం. తొన్‌కొత్సు అయితే ఫుకుఓకాకు దగ్గరలోని కురుమె పట్టణంలో 1937లో ఒక బండి మీద మొదలైంది. పనివాళ్ళ తిండిగా పెరిగింది గనుక, తేనీటి వేడుకలో ఉండే నియమాలేవో ఇక్కడా ఉంటాయని భయపడనక్కరలేదు.

మీరు శాకాహారులో కాదో రాయలేదు. అయితే ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను: శాకాహారులకు మామూలు రామెన్ కౌంటర్ పనికిరాదు. మాంసం ముక్క తీసేయమని అడిగితే తీసేస్తారు గానీ సూప్ అంతా ఎముకల సారమే. పైన కూరగాయలు గుట్టగా పోసిన రామెన్ అయినా అంతే. తారెలో కూడా తరచుగా ఎండుచేపల రసం ఉంటుంది. నా సహోద్యోగి ఒకరు మూడు నెలలపాటు "ముక్కల్లేని రామెన్" తిని, సంగతి తెలిసిన రోజున చాలా బాధపడ్డారు. అటువంటివారు టోక్యో వెళ్ళినప్పుడు టోక్యో స్టేషన్ లోపలే ఉన్న టీస్ తాన్‌తాన్ అనే దుకాణంలో పూర్తిగా శాకాహార రామెన్ తినవచ్చు. గొడ్డుమాంసం మాత్రమే తిననివారికి హకాతాలో అంతగా చిక్కు లేదు, అక్కడ సాధారణంగా అంతా పందే. తొత్తోరి ప్రాంతం వెళ్తే మాత్రం జాగ్రత్త, అక్కడ ఆవు ఎముకల సూప్‌తో చేసే రామెన్ ప్రసిద్ధి.

నలుగురు కలిసి వెళ్తే పక్కపక్కన చోటు దొరుకుతుందని ఆశించకండి. ఒక్కరే వెళ్ళేవారికి ఉన్న సౌకర్యం ఇదే: రెండు జంటల మధ్య మిగిలిన ఒంటి కుర్చీ వారికే దక్కుతుంది. తిన్నాక గిన్నెను ఎత్తి ఎదుటి గట్టు మీద పెట్టి, అక్కడున్న గుడ్డతో మీ ముందు తుడిచి, "గొచిసోసమా" (భోజనానికి కృతజ్ఞతలు) అని లేవండి. టిప్పు ఇవ్వకూడదు, ఇస్తే మరచిపోయారనుకుని వీధిలోకి పరుగెత్తుకు వచ్చి తిరిగి ఇస్తారు. సూప్ అంతా తాగాలన్న నియమం లేదు. కళ్ళద్దాలు ఉంటే ఆవిరికి మసకబారుతాయి, తుడుచుకోవడానికి ఒక రుమాలు తీసుకెళ్ళండి. నేను దాదాపు ప్రతిసారీ మరచిపోయి చొక్కా అంచుతోనే తుడుచుకున్నాను.