వాచ్‌డాగ్‌కి 20 సెకన్లు ఇస్తే 4 సెకన్లకే బోర్డు రీబూట్ అవుతోంది, ఎందుకు?

వాచ్‌డాగ్ అంటే గడువులోగా ప్రోగ్రామ్ నుంచి పింగ్ (బతికే ఉన్నానన్న కబురు) రాకపోతే బోర్డుని రీబూట్ చేసే టైమర్. మీరు రాసినదాన్ని బట్టి బోర్డు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, దాని కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన భాగం) పాతది. 15 సెకన్లు దాటితే డ్రైవర్ (వాచ్‌డాగ్‌ని నడిపే కెర్నెల్ కోడ్) ఒప్పుకోవడం లేదని, అందులో గరిష్ఠ గడువు చెప్పే మ్యాక్స్_టైమౌట్‌ని 60కి పెంచారు. బోర్డు బాగానే ఉంది, మార్చకండి. ఆ పెంచడమే తంటా.

ఆ చిప్‌లో వాచ్‌డాగ్ లెక్కకు ఉన్నవి 20 బిట్లే. సెకనుకి 65,536 టిక్కులు కాబట్టి నిండా నింపినా 16 సెకన్లకు ఒక టిక్కు తక్కువ. డ్రైవర్ సెకన్లను టిక్కుల్లోకి మార్చి, 20 బిట్లలో పట్టనిది మాస్క్‌తో కోసేస్తుంది. మీ 20లో 16 పోయి 4 మిగిలింది. 16 ఇస్తే సున్నా పడుతుంది. అసలు భయపడాల్సింది 30కి: అది 14 అవుతుంది, పది సెకన్లకోసారి పింగ్ చేసే ప్రోగ్రామ్‌తో ఏ లోపమూ బయటపడదు.

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రతలు నమోదు చేసే పెట్టెలు మేం చూసేవాళ్లం. వాటిలో ఇలాగే 60 పెట్టిన డ్రైవర్ నిజానికి 12 సెకన్లతో చాన్నాళ్లు నడిచింది. ఎస్‌డీ కార్డులు పాతబడి రాత నెమ్మదించి, పింగ్ ఆలస్యమయ్యాక రీబూట్లు మొదలయ్యాయి. అందరూ ఉప్పుగాలినే తిట్టారు. సముద్రం పక్కన ఏది పాడైనా నింద దానిదేగా!

మ్యాక్స్_టైమౌట్ తీసేసి, హార్డ్‌వేర్ పట్టగల గరిష్ఠ గడువు చెప్పే మ్యాక్స్_హెచ్‌డబ్ల్యూ_హార్ట్‌బీట్_ఎంఎస్‌లో 15000 పెట్టండి. ఇది మిల్లీసెకన్లలో ఉంటుంది, 15 అని రాసెయ్యకండి! 2016 నుంచి వాచ్‌డాగ్ కోర్‌లో (కెర్నెల్‌లో వాచ్‌డాగ్ డ్రైవర్లన్నిటికీ ఉమ్మడి భాగం) ఈ సదుపాయం ఉంది, మెయిన్‌లైన్‌లో (అధికారిక కెర్నెల్‌లో) ఈ డ్రైవర్‌ని కూడా తర్వాత ఇలాగే సరిచేశారు. 60 అడిగితే మధ్యలో హార్డ్‌వేర్‌కి పింగ్‌ని ఆ వాచ్‌డాగ్ కోర్ తానే పంపుతుంది. ప్రోగ్రామ్ ఆగితే 60కి రీబూట్, కెర్నెలే బిగుసుకుంటే 15 లోపే. మీకు కావాల్సిందీ అదే కదా.

డ్రైవర్‌లో వాచ్‌డాగ్‌ని మొదలుపెట్టే స్టార్ట్ ఫంక్షన్‌లో మాత్రం టైమౌట్, హార్డ్‌వేర్ పరిమితి రెండింటిలో చిన్నదే చిప్‌లో లెక్క ఉండే రిజిస్టర్‌లోకి వెళ్లాలి. లేదంటే పాత కోత మళ్లీ పడుతుంది. మిగిలిన సమయం అడిగితే హార్డ్‌వేర్‌లోదే కనబడుతుంది, 60 నుంచి దిగుతూ రాదు, కంగారుపడకండి.

పరీక్షించేటప్పుడు సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) తానే వాచ్‌డాగ్‌కి పింగ్ చేయకుండా ఆపి, మీ ప్రోగ్రామ్‌కి స్టాప్ సిగ్నల్ ఇచ్చి స్టాప్‌వాచ్ పట్టండి. 15, 16, 20, 60 నాలుగూ చూడండి. రీబూట్ అయిందా అని కాదు, ఎన్నో సెకనుకి అయిందో రాసుకోండి.