చిన్న ఎలక్ట్రిక్ రాట్నం మీద పత్తి నూలు ఎందుకు తెగుతుంది?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న: ఏకులు (వడకడానికి చుట్టిన దూది) బాగానే ఉన్నా, ఫ్లయర్ (బాబిన్ చుట్టూ తిరుగుతూ నూలుకు పురి వేసే రెండు చేతుల చట్రం) ఉన్న 12 వోల్టుల రాట్నం నూలును చేతిలోంచి లాగేసుకుని తెంపేస్తోంది, ఏం మార్చాలి?

తప్పు మోటారుది కాదు, బాబిన్ (నూలు చుట్టుకునే కండె) లాగుడుది. బాబిన్‌ను నొక్కి ఆపే బ్రేకు దారం పూర్తిగా వదులు చేసి, నూలు లోపలికి వెళ్లేంత మాత్రమే బిగించండి. అప్పటికీ లాగితే బాబిన్ కాడకు ఫోము చుట్టి లావు చేయండి; కాడ సన్నగా ఉంటే లాగుడు ఎక్కువ. నూలును ఫ్లయర్ రెండు చేతుల కొక్కేల మధ్య అడ్డంగా దాటించినా తగ్గుతుంది.

తెగిన కొస చూడండి. దూదిలా విడిపోతే పురి చాల్లేదు. 20 నంబరు నూలుకు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) మీటరుకు సుమారు 700 పురులు కావాలి, అంటే నిమిషానికి 2 మీటర్లు తీస్తే ఫ్లయర్ 1,400 చుట్లు తిరగాలి. ఉంగరాలు తిరిగి పుటుక్కుమంటే పురి ఎక్కువైంది. వేసవిలో పక్కన తడిగుడ్డ వేలాడదీయండి, ఎండిన పత్తి పెళుసు.