రాత్రి విమానంలో గుండె దడ: నేనేం చేస్తానంటే

డల్లాస్‌లో అమ్మాయి పురుడుకి వెళ్లాలి, దుబాయ్ నుంచి దాదాపు 16 గంటలు చీకట్లో గాల్లో ఉండాలంటేనే చేతులకు చెమటలు పడుతున్నాయి అన్నారు కదండీ. నాదీ అదే బాపతు.

టేకాఫ్ అయిన కాసేపటికే ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా తగ్గుతుంది. ఇంజిన్ ఆగిపోయిందనుకుని మొదటిసారి పక్కాయన చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను (ముక్కూ మొహం తెలియని మనిషి, పాపం!). పైలట్లే కావాలని పవర్ తగ్గిస్తారట. అంతకుముందు కింద ధడ్‌మనేది చక్రాలు లోపలికి ముడుచుకునే చప్పుడు.

కుదుపులు మొదలైతే సగం నీళ్లున్న సీసా ట్రే మీద పెట్టి చూడండి. మనకి పాతాళంలోకి పడిపోతున్నట్టు ఉంటుంది గానీ, మామూలు కుదుపులకు సీసాలో నీళ్లు కాస్త తొణుకుతాయి, అంతే. నాకు అన్నిటికన్నా పనిచేసింది ఇదే. రెక్కల దగ్గర సీటు అడగండి, వెనక వరసల్లో ఊపు ఎక్కువ. బెల్టు దుప్పటి పైకి కనిపించేలా పెట్టుకుంటే నిద్రలో లేపరు. దడ వస్తే నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి.

ఎవరో చెప్పారని నిద్రమాత్ర మాత్రం వేసుకోకండి, డాక్టర్‌ని అడగండి. ఆ మత్తులో గంటల తరబడి కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఎక్కగానే ఎయిర్‌హోస్టెస్‌కి మీ భయం సంగతి చెప్పేయండి, మధ్యమధ్యలో వచ్చి పలకరిస్తారు.