ఆన్‌లైన్ వేలంలో బొమ్మలు అమ్ముడవుతున్నాయి, కాలేజీ మానవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మద్దిలపాలెం. మా అబ్బాయికి 19 ఏళ్లు, బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఒక విదేశీ వేలం సైట్‌లో ఐదు నెలల్లో 11 వాటర్ కలర్ బొమ్మలు అమ్మాడు, 31,900 రూపాయలు వచ్చాయి. ఖాతా తెరిచినప్పుడు వాడికి 17 ఏళ్లే కాబట్టి అది నా పేరు మీదే ఉంది, డబ్బు కూడా నా బ్యాంకు ఖాతాలోకే వస్తోంది. ఇప్పుడు కాలేజీ మానేసి ఇదే పనిగా పెట్టుకుంటానంటున్నాడు. మా మరిది తన స్నేహితుల చేత పాట పెంచిస్తానని ధైర్యం చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, కాలేజీ మానడానికి నేను ఒప్పుకోను, అమ్మడం మానమని కూడా చెప్పను. ముఖపరిచయం లేని విదేశీయులు 19 ఏళ్ల కుర్రవాడి బొమ్మకు డబ్బు పెట్టారంటే అది తేలికగా తీసిపారేయవలసిన విషయం కాదు. అయితే మీ అబ్బాయి ఆదాయం అనుకుంటున్నది నిజానికి అమ్మకాల మొత్తం మాత్రమే. ఒక సాయంత్రం అతని పక్కన కూర్చుని నోటు పుస్తకంలో లెక్క రాయించండి. బొమ్మకు సగటున 2,900 రూపాయలు వచ్చాయి. అందులో తపాలాకు 900, సైటు రుసుము, డాలరు మార్పిడిలో పోయేది కలిపి 500, మంచి కాగితానికి, రంగులకు, అట్టపెట్టెకు 300 అనుకుంటే మిగిలేది 1,200. మీ అంకెలు కొంత అటూ ఇటూ ఉండవచ్చు కానీ, చాలా సైట్లు తమ రుసుమును బొమ్మ ధర మీదే కాకుండా కొనుగోలుదారు చెల్లించే తపాలా ఖర్చు మీద కూడా లెక్కిస్తాయన్న సంగతి మరచిపోవద్దు. నా లెక్క ప్రకారం 11 బొమ్మల మీద మిగిలింది 13,200, అంటే నెలకు 2,640 రూపాయలు. నెలకు 20,000 మిగలాలంటే 17 బొమ్మలు అమ్ముడుపోవాలి. రోజు విడిచి రోజు ఒక బొమ్మ వేస్తూ, వాటినన్నిటినీ ఆ కొద్దిమంది కొనుగోలుదారుల ముందే పెడితే, పాట పెరగకపోగా తగ్గుతుంది.

పాట ఎందుకు తగ్గుతుందో తెలియాలంటే వేలం నడిచే తీరు తెలియాలి. తెల్లవారుజామున మన ఫిషింగ్ హార్బర్‌లో చేపల పాట మీరు చూసే ఉంటారు. అక్కడ పాట పాడేవారందరికీ ఆ రోజు వంజరం ధర ఎంతో తెలుసు, మధ్యాహ్నానికల్లా సరుకు కదలాలని అమ్మేవారికీ తెలుసు, పైగా కొనేవారు ఒకరి పక్కన ఒకరు నిలబడి ఉంటారు కాబట్టి పాట నిమిషాల్లో సరైన ధర దగ్గరికి చేరుతుంది. పేరు తెలియని చిత్రకారుడి బొమ్మకు అలాంటి మార్కెట్ ధర ఉండదు. ఆన్‌లైన్ వేలంలో కొనేవారు తాము ఇవ్వగల గరిష్ఠ మొత్తాన్ని ముందే నమోదు చేస్తారు. సైటు మాత్రం ఆ మొత్తాన్ని ఒక్కసారిగా చూపించకుండా, రెండో వ్యక్తి పాటకు ఒక మెట్టు పైకి మాత్రమే పెంచుతూ పోతుంది. ఒకాయన మనసులో 100 డాలర్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా, ఇంకెవరూ పాడకపోతే, 10 డాలర్లతో మొదలుపెట్టిన బొమ్మ 10 డాలర్లకే ఆయనదవుతుంది. అంటే వేలంలో ధరను నిర్ణయించేది గెలిచినవాడు కాదు, ఓడిపోయిన రెండోవాడు. మీ అబ్బాయి ఆలోచించవలసిందల్లా ఆ రెండో మనిషి ఎక్కడి నుంచి వస్తాడన్నదే.

అందుచేత తక్కువతో మొదలుపెడితే జనం వస్తారన్న మాట నమ్మి, నష్టానికి ఇవ్వడం ఇష్టం లేని బొమ్మను ఒక డాలరుకు పెట్టవద్దని చెప్పండి. ఆ ధరకే పోయినా బాధపడనంత మొత్తమే ప్రారంభ ధర కావాలి. పెద్ద బొమ్మలను, నెలల తరబడి శ్రమించినవాటిని వేలానికి పెట్టకుండా ప్రదర్శనల కోసం దాచుకోవాలి. వేలానికి చేతి పరిమాణంలో ఉండే చిన్న బొమ్మలు చాలు. అవి కూడా విడివిడిగా కాకుండా ఒక వరుసగా ఉంటే మంచిది. హార్బర్ పడవల మీద పది బొమ్మలు వేస్తే, మూడోది కొన్నవారు ఏడోదాని కోసం తిరిగి వస్తారు. కొలతలు సెంటీమీటర్లలో, కాగితం రకం, వేసిన సంవత్సరం, ఇది ముద్రణ కాదు మూలచిత్రమేనన్న మాట వివరణలో స్పష్టంగా ఉండాలి. వేరొకరు తీసిన ఫోటోను ఇంటర్నెట్ నుంచి తీసుకుని చూసి వేసే అలవాటు ఉంటే, దాన్ని ఇప్పుడే మాన్పించండి.

మీ మరిది గారి ఆలోచన ఈ రెండో మనిషిని అబద్ధంగా సృష్టించడమే. అమ్మేవారి మనుషులు పాట పెంచడాన్ని ఈ సైట్లు నిషేధించాయి, పట్టుబడితే ఖాతా మూసేస్తారు. దొంగపాట గెలిస్తే మీ బొమ్మ మీ ఇంట్లోనే మిగులుతుంది, రుసుము మాత్రం చేతి నుంచి పడుతుంది. ఆయనకు ఇంతకంటే ఎక్కువ చెప్పనవసరం లేదు.

2025 మార్చిలో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో ఎం.ఎఫ్. హుసేన్ 'గ్రామ యాత్ర' దాదాపు 118 కోట్ల రూపాయలు పలికిందని మీ అబ్బాయి మీతో అనే ఉంటాడు. 2000లో ముంబైలో మొదలైన సాఫ్రన్ఆర్ట్ వంటి సంస్థలు ఆన్‌లైన్‌లోనే కోట్ల వేలాలు నడుపుతున్న మాట కూడా నిజమే. అయితే అక్కడ అమ్మేది సాధారణంగా చిత్రకారుడు కాదు, ఎప్పుడో కొని దాచుకున్న సేకర్త. అక్కడ పోటీ పడేవారికి ఆ పేరు దశాబ్దాల ప్రదర్శనల వల్ల, విమర్శకుల రాతల వల్ల ముందే తెలుసు. రెండో మనిషి వేలంలో పుట్టడు, వేలం బయట తయారై వస్తాడు.

చదువు మానవద్దని నేను అనేది ఇందుకే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉన్న ఊరిలో ఉంటూ, గురువుల విమర్శ, సాటి విద్యార్థుల పోటీ, ప్రింట్ మేకింగ్ వంటి కొత్త మాధ్యమాలు, సామూహిక ప్రదర్శనలు అన్నీ అందుబాటులో ఉండగా, వాటిని వదిలి గదిలో ఒంటరిగా కూర్చుని అమ్ముడుపోయిన పడవనే మళ్లీ మళ్లీ వేయడం వల్ల అతని చేయి ఇరవై రెండేళ్లకే గడ్డకట్టుకుపోతుంది. డిగ్రీ ఉంటే బరోడా, శాంతినికేతన్, హైదరాబాద్‌లలో లలితకళల్లో పీజీకి వెళ్లవచ్చు, నవోదయ విద్యాలయాల్లో చిత్రలేఖన ఉపాధ్యాయ పోస్టుకూ లలితకళల్లో డిగ్రీయో డిప్లొమాయో అడుగుతారు. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు నెలకు మూడు బొమ్మలకు మించి వేలానికి పెట్టకూడదని ఒప్పందం చేసుకోండి, సెలవుల్లో అతని ఇష్టం.

తపాలా విషయంలో మన ఊరికి ఒక చిక్కు ఉంది. సముద్రపు తేమకు కాగితం మీద బూజు పడుతుంది, వానాకాలంలో అక్రిలిక్ రంగు పైన చుట్టిన ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. బొమ్మ పూర్తిగా ఆరాక, ఆమ్లం లేని పలచని కాగితం కప్పి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపాలి. ఇంకొక చిక్కు మన చేతిలో లేనిది. 800 డాలర్ల లోపు పార్సెళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తివేసినప్పుడు, మన తపాలా శాఖ ఆ దేశానికి చాలా పార్సెళ్లను కొన్ని వారాలపాటు తీసుకోలేదు. ఒకే దేశపు కొనుగోలుదారుల మీద ఇల్లు నడపాలనుకునేవారు ఆ వారాలను గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఖాతా. మైనరు చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు కాబట్టి అప్పట్లో మీ పేరు మీద తెరవడంలో తప్పు లేదు, కానీ ఇప్పుడు ఆ డబ్బు మీ పాన్ కింద మీ ఆదాయంగానే కనిపిస్తుంది. అతని పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా ఉండాలి. విదేశానికి సరుకు పంపేవారికి కావలసిన ఐఈసీ సంఖ్య 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లోనే వస్తుంది. విదేశానికి అమ్మడం జీఎస్టీ చట్టంలో అంతర్రాష్ట్ర అమ్మకం కిందికే వస్తుంది కనుక, రిజిస్ట్రేషన్ సంగతి ఒక ఆడిటర్ గారితో తేల్చుకోండి. బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైట్ పోదు, రాతపూర్వకంగా ఇస్తేనే పోతుంది. కాపీరైట్ చట్టం 53ఏ సెక్షన్ ప్రకారం మూలచిత్రం 10,000 రూపాయలకు మించి తిరిగి అమ్ముడైతే చిత్రకారుడికి వాటా హక్కు కూడా ఉంది. అందువల్ల ఏ బొమ్మ, ఎవరికి, ఎప్పుడు, ఎంతకు వెళ్లిందో ఫోటోతో సహా ఒక రిజిస్టరులో రాయించండి. ఇప్పటికే పోయిన 11 బొమ్మలతోనే అది మొదలు కావాలి.

ఖాతా మారితే పాతదానిలోని మంచి సమీక్షలు వెంట రావు, కొత్త అమ్మకందారుకు కొంతకాలం పరిమితులూ ఉంటాయి. అతనికి అది కష్టంగా తోస్తుంది, కానీ 11 బొమ్మల దగ్గర పోగొట్టుకోవడం 200 బొమ్మల దగ్గర పోగొట్టుకోవడం కంటే సులువు. మీ ఖాతాలో ఇప్పుడు పాట నడుస్తున్న బొమ్మలు ఉంటే, అవి ముగిసి, పార్సెళ్లు చేరి, డబ్బు జమ అయ్యాకనే దాన్ని మూయండి.