కాళ్లలోకి దిగిన రక్తం మళ్లీ గుండెకు ఎలా చేరుతుంది?

గుండె రక్తాన్ని నెట్టడం అర్థమవుతోంది గానీ, పాదాల దాకా దిగిన రక్తం పైకి ఎలా వస్తుందో, రక్తప్రసరణ బాగుండాలంటే ఏం చేయాలో చెప్పమని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం వల్ల నా కాలి సిరలకు, అంటే రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళాలకు, ఇబ్బంది వచ్చినప్పుడు ఈ విషయాన్ని పట్టుదలగా చదివి, నాకు చికిత్స చేసిన వైద్యురాలిని అడిగి తెలుసుకున్నాను.

శరీరమంతా తిరిగి వచ్చిన రక్తం గుండెలోని కుడివైపు పై గది అయిన కుడి కర్ణికలో చేరి, దాని కింది గది అయిన కుడి జఠరిక ద్వారా ఊపిరితిత్తులకు వెళ్లి, అక్కడ కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి ఆక్సిజన్‌ను తీసుకొని ఎడమ కర్ణికకు వస్తుంది. అక్కడి నుంచి ఎడమ జఠరికలోకి దిగితే, అది గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్లే ధమనుల్లో అతిపెద్దదైన బృహద్ధమనిలోకి బలంగా నెడుతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. ఒంట్లో ఉండే మొత్తం రక్తం కూడా ఇంచుమించు అంతే.

అయితే ఈ బలంలో ఎక్కువ భాగం ధమనుల సన్నని కొమ్మలైన ధమనికలను, వాటికంటే సన్నని రక్తకేశనాళికలను దాటడానికే ఖర్చయిపోతుంది. సిరల్లోకి చేరేసరికి రక్తాన్ని ముందుకు నెట్టే ఒత్తిడి చాలా తక్కువగా మిగులుతుంది. పైగా నిలబడి ఉన్నవారిలో అది పాదాల నుంచి గుండె ఎత్తుకు ఎక్కాలి. ఇక్కడ పిక్కల కండరాలు సాయానికి వస్తాయి. అడుగు వేసినప్పుడల్లా అవి బిగుసుకొని లోపలి సిరలను నొక్కుతాయి, రక్తం పైకి పోతుంది; కండరం వదులైనప్పుడు అది వెనక్కి జారకుండా సిరల్లోని కవాటాలు మూసుకుంటాయి. ఈ కవాటాలు రక్తాన్ని ఒకే దిశలో పోనిస్తాయన్న సంగతిని ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రచురించిన తన గ్రంథంలో, చేతికి కట్టు కట్టి, ఉబ్బిన సిరను వేలితో నొక్కి చూపి నిరూపించాడు. మనం ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గడం కూడా రక్తం గుండె వైపు రావడానికి తోడ్పడుతుంది.

కదలకుండా నిలబడితే పాదాల సిరల్లో పీడనం దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి చేరుతుంది. నడక మొదలుపెడితే, కవాటాలు బాగున్నవారిలో అది చాలా వరకు తగ్గిపోతుంది. నాకు సాయంత్రానికి చీలమండలు వాచి, వేలితో నొక్కితే గుంట పడేది. రక్తం ఎటు, ఎలా ప్రవహిస్తుందో ధ్వని తరంగాలతో చూసే డాప్లర్ స్కాన్‌లో కవాటాలు బలహీనపడ్డాయని తేలింది. దెబ్బతిన్న కవాటాలను వ్యాయామం తిరిగి బాగుచేయదని వైద్యురాలు ముందే స్పష్టంగా చెప్పారు. అయినా ఆమె సలహా ప్రకారం కాళ్లను బిగుతుగా పట్టి ఉంచే కంప్రెషన్ మేజోళ్లు వేసుకోవడం, నిలబడిన చోటనే మడమలు ఎత్తి దించడం, పని మధ్యలో కాస్త నడవడం, ఇంటికి వచ్చాక కాళ్లు గుండెకంటే ఎత్తులో ఉండేలా పడుకోవడం అలవాటు చేసుకున్నాక వాపు, కాళ్లు బరువెక్కినట్టు అనిపించడం స్పష్టంగా తగ్గాయి. ఈ మేజోళ్లు అందరికీ సరిపడవు. ముఖ్యంగా కాలి ధమనుల్లో రక్తప్రవాహం తగ్గినవారు వైద్యుల పరీక్ష లేకుండా వాడకూడదు.

ధమనుల సంగతి వేరు. వాటిని ఏళ్ల తరబడి దెబ్బతీసేవి అధిక రక్తపోటు, పొగతాగడం, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్. వీటిలో రక్తపోటు చాలామందిలో ఏ లక్షణమూ చూపదు కాబట్టి, బాగానే ఉన్నామనిపించినా కొలిపించుకోవాలని నేను గట్టిగా చెబుతాను. కొలిచే ముందు ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చొని, వీపుకు ఆనుడు, పాదాలు నేలపై, చేయి గుండె ఎత్తులో ఉండేలా చూసుకోవాలి. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక వంటి వ్యాయామం, రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్నవి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు. పొగతాగే అలవాటుంటే మానేయడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

రెండు కాళ్లూ సాయంత్రం కొంచెం వాచి ఉదయానికి తగ్గడం ఒకటి, ఒక్క కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, నొప్పి, వేడి, ఎరుపు కనిపించడం మరొకటి. రెండోది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు కాబట్టి అదే రోజు వైద్యులకు చూపించండి. దానితో పాటు ఆయాసం గానీ ఛాతీనొప్పి గానీ ఉంటే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.