పెళ్ళికి ముందు ‘డాక్టరు కాగితం’ అడుగుతున్నారు

మేడమ్ గారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 25 ఏళ్ళు. మూడేళ్ళు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేశాను. పాలకొల్లు దగ్గర సంబంధం కుదిరి తాంబూలాలు అయ్యాయి. దాళ్వా కోతలు అయ్యాక వైశాఖంలో పెళ్ళి. పోయిన వారం అబ్బాయి వాళ్ళ పెద్దక్క మా అమ్మకు ఫోన్ చేసి, “హైదరాబాద్‌లో ఒక్కతే ఉన్న పిల్ల కదండీ, ఓసారి లేడీ డాక్టరుకి చూపించి కాగితం రాయించండి, మా అమ్మ మనసు కుదుటపడుతుంది” అన్నారు. “నీలో తప్పు లేనప్పుడు చేయించుకుంటే పోయేదేముందే” అంటోంది అమ్మ. నాన్నకు ఇంకా తెలియదు. అబ్బాయికి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. ఏడో తరగతిలో కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుతూ పడి బాగా దెబ్బ తగిలింది, రక్తం వచ్చింది. పరీక్షలో అది తేడాగా కనిపిస్తే? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

తల్లీ,

ముందు ఆ సైకిల్ సంగతి మనసులోంచి తీసెయ్. కన్నెపొర అంటే దారిని మూసేసే తెర అని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. నిజంగా అలా మూసి ఉంటే నెలసరి రక్తం బయటికి ఎలా వస్తుంది? అది యోని ద్వారం అంచున ఉండే మెత్తటి పొర. ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుంది, కొందరికి ఉందో లేదో అన్నంత తక్కువగా ఉంటుంది. ఈడొచ్చాక దానికి సాగే గుణం వస్తుంది. మొదటిసారి కలిసినప్పుడు రక్తం చుక్క కూడా కనిపించని ఆడవాళ్ళు ఎంతోమంది. ఆ పొరను చూసి, ఈ పిల్ల ఎవరితోనైనా కలిసిందా లేదా అని తేల్చగల డాక్టరు ఎక్కడా లేరు. చిన్నప్పటి దెబ్బ ఉన్నా లేకపోయినా ఈ మాటలో మార్పు లేదు.

ఈ కన్యత్వ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదనీ, ఎక్కడా చేయకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి 2018లో చెప్పాయి. అత్యాచారానికి గురైన ఆడవాళ్ళకు యోనిలో వేళ్ళు పెట్టి చూసే ‘రెండు వేళ్ళ పరీక్ష’ చేయడాన్ని మన సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టింది. 2022లో ఇంకా గట్టిగా, అలా చేసినవాళ్ళను దుష్ప్రవర్తన కింద బాధ్యులను చేయాలంది. 2023లో ఢిల్లీ హైకోర్టు, కేసులో నిందితురాలైన స్త్రీకి సైతం కన్యత్వ పరీక్ష చేయడం రాజ్యాంగ విరుద్ధమంది. ఇవి పెళ్ళి సంబంధాల మీద వచ్చిన తీర్పులు కావు, నిజమే. కానీ నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషికే చేయకూడదన్న పరీక్షను, తాంబూలాలు పుచ్చుకున్న పెళ్ళికూతురికి చేయించమంటున్నారు. ఇది మీ అమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు.

డబ్బిస్తే కాగితం రాసిచ్చేవాళ్ళు ఎవరో ఒకరు దొరకొచ్చు. పొర కుట్టిస్తామనే క్లినిక్‌లూ, మొదటి రాత్రికి రక్తంలా కనిపించే క్యాప్సూల్సూ కూడా అమ్ముతున్నారు. భయం మీద చేసే వ్యాపారం అది. వాటి జోలికి పోకు.

నువ్వు హైదరాబాద్‌లో ఎవరినైనా ఇష్టపడ్డావో లేదో రాయలేదు. నేను అడగను. అడగాల్సిన అవసరం నాకు లేదు, ఎందుకంటే నీ సమాధానం రెండు రకాలుగానూ ఒకటే: ఈ పరీక్షకు నేను వెళ్ళను. “నాలో తప్పు లేదు కాబట్టి వెళ్ళను” అని మాత్రం అనకు. ఆ మాట అన్నావంటే, ఇంకో ఆడపిల్లను అలా పరీక్షించవచ్చని నువ్వే ఒప్పుకున్నట్టు.

మీ అమ్మ మీద కోపం పెట్టుకోకు. తాంబూలాలయ్యాక సంబంధం తప్పిపోతే ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా ఆ పిల్ల మాటే నడుస్తుందని ఆవిడ భయం. ఆ భయం ఉత్తిది కాదు. కానీ ‘పోయేదేముంది’ అంటోంది చూడు, పోయేదేమిటో నేను చెబుతాను.

చాలా ఏళ్ళ క్రితం ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. వచ్చింది తలనొప్పులని. మూడోసారి వచ్చినప్పుడు, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అసలు సంగతి చెప్పింది. కార్యం అయిన మర్నాడు తెల్లవారకుండానే అత్తగారు గదిలోకి వచ్చి, మంచం మీది తెల్ల దుప్పటి తీసుకుని వెళ్ళి, వసారాలో లైటు కింద పరిచి చూశారట. ఏమీ కనపడలేదు. ఆవిడ ఏమీ అనలేదు, మడతపెట్టి తెచ్చి ఇచ్చేశారు. “మా ఆయన నన్ను నమ్మారండీ. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ పొద్దున వాళ్ళమ్మతో కూడా ఒక్క మాట అనలేదు” అంది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో తను ఎక్కడికెళ్ళినా, ఫోన్‌లో కాస్త నవ్వుతూ మాట్లాడినా అత్తగారి చూపు తన వెంటే ఉండేదట. ఇప్పటికీ ఆవిడ ఇంట్లో తెల్ల దుప్పటి ఉండదు.

అందుకే అంటున్నాను, ఆడపడుచుతో వాదన పెట్టుకోకు. ఆ అబ్బాయితో నువ్వే స్వయంగా మాట్లాడు. మీ అమ్మా నాన్నా అతనితో మాట్లాడటం దీనికి సరిపోదు. “మీ అక్కగారు నన్ను పరీక్ష చేయించుకోమన్నారు. నేను చేయించుకోను. ఈ సంగతి మీకు తెలుసా?” అని అడుగు. అంతకన్నా వివరాలు వద్దు, కన్నీళ్ళు వద్దు. తెలియదని చెప్పి, ఆ రోజే ఇంట్లో మాట్లాడి ఈ మాటను వెనక్కి తీయించాడంటే అతనికి వెన్నెముక ఉన్నట్టు. తడబడి రెండు రోజులు టైమ్ అడిగినా ఇవ్వు, పెద్దక్కకు ఎదురు చెప్పడం మన ఇళ్ళలో మగవాళ్ళకీ తేలిక కాదు. “అమ్మ కోసం ఒక్కసారి చేయించుకో, ఏమైంది” అన్నాడా, ఆ సంబంధం వద్దని చెప్పడానికి వైశాఖం వరకు ఆగకు. ఇప్పుడైతే పోయేది ఫంక్షన్ హాల్ అడ్వాన్సూ, నాలుగు నెలల గుసగుసలూ.

నాన్నకు ఈ వారంలోనే చెప్పు. ఇలాంటివి నాన్నల దగ్గర ఎలా ఎత్తుతామని మన ఇళ్ళలో దాచేస్తాం. చాలామంది తండ్రులు విన్నాక కూతురి పక్కనే నిలబడటం నేను చూశాను. నోరు రాకపోతే ఈ కాగితమే ఆయన చేతికివ్వు.

నిద్ర పట్టని రాత్రి భయం ఎక్కువైతే 14416కి ఫోన్ చెయ్యి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, టెలీ మానస్ అది, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా నిన్ను బలవంతంగా క్లినిక్‌కి తీసుకెళ్ళబోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి చెయ్యి. అబ్బాయితో మాట్లాడాక ఏమన్నాడో నాకు రాయి. పూర్తిగా రాయి, అతను వాడిన మాటలు వాడినట్టే.